అరువు సిగ్గు

వంటగదిలోకి అడుగుపెట్టే ముందు పినాకపాణి దగ్గుతాడు. జలుబు చేసి కాదు. లోపల ఉన్న ఆడవాళ్ళు సర్దుకోవడానికి ఒక క్షణం ఇవ్వాలని. ఇప్పుడు లోపల ఉండేది అతని భార్య సువర్చల ఒక్కతే. అత్తగారు పోయి మూడేళ్ళు దాటింది, కూతురు ఇందుజ పుణేలో ఉద్యోగం చేసుకుంటోంది. అయినా ఆ దగ్గు పోలేదు. అది వినగానే సువర్చల చెయ్యి తనంతట తానే పైట మీదికి పోవడమూ మానలేదు.

పినాకపాణి చెడ్డవాడు కాదు. ఆ మాటకొస్తే కాలనీలో ఆడవాళ్ళు తమ మొగుళ్ళకి చూపించి దెప్పేంత మంచివాడు. కొబ్బరికాయ కొట్టి, కోరి మరీ ఇస్తాడు. ఆమెకు తలనొప్పిగా ఉంటే చెప్పులు చేత్తో పట్టుకుని ఇంట్లో నడుస్తాడు. కానీ పాతికేళ్ళ కాపురంలో వెలుతురు ఉండగా ఆమెను ముట్టుకున్నది లేదు. దీపం ఆరిపోయాక వాళ్ళు భార్యాభర్తలు. ఆ కాసేపూ మాట ఉండదు, పేరు ఉండదు. తెల్లవారితే ఒకే సత్రంలో దిగిన ఇద్దరు మర్యాదస్తులైన ప్రయాణికులు.

నాకేం తక్కువ అని సువర్చల తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. ఏం తక్కువో చెప్పమంటే ఆమెకు మాట దొరికేది కాదు. ఆ వేసవిలో ఇందుజ వచ్చి వెళ్ళాక దొరికింది.

ఇందుజ తన సహవాసిని వెంటబెట్టుకుని విశాఖ వచ్చింది. పెళ్ళి చేసుకోకుండా కలిసి కాపురముండేవాళ్ళని అప్పటికి అందరూ ఆ మాటతోనే పిలుస్తున్నారు. పేరంటాలకి కూడా జంటగానే రమ్మంటున్నారు. ఆ అబ్బాయి పేరు ఓంకార్. మర్యాద తెలిసినవాడే, వంగి దణ్ణం పెట్టాడు. మధ్యాహ్నం హాల్లో సోఫా మీద ఇందుజ అతని ఒళ్ళో కాళ్ళు పెట్టుకుని పత్రిక తిరగేస్తూంటే, అతను ఆ పాదాలు ఒత్తుతూ పినాకపాణితో సముద్రం ఎంత ముందుకొచ్చిందో మాట్లాడుతున్నాడు. పినాకపాణి ఫ్యానుని చూస్తూ జవాబులు చెప్పాడు. తరవాత లేచి బాల్కనీలోకి పోయాడు. సువర్చల మంచినీళ్ళు పట్టుకుని వెళ్ళింది.

"నీ కూతురికి చెప్పు" అన్నాడు.

"ఏమని?"

"పెద్దవాళ్ళం ఎదురుగా ఉన్నాం కదా."

"పాదాలే కదండీ. నొప్పిగా ఉన్నాయేమో."

"నొప్పయితే మందు రాసుకోవాలి."

సువర్చలకు నవ్వొచ్చింది. కానీ ఆ తరవాత చాలా రోజులు ఆ కుర్రాడి బొటనవేలే ఆమె కళ్ళలో ఆడింది. మాట సముద్రం మీద, వేలు పాదం మీద. వేలు ఏం చేస్తోందో అతనికి ధ్యాసే లేదు. అలా ధ్యాస లేకుండా ఎవరైనా తనను ముట్టుకోవాలి. తనకు తక్కువైంది అది.

విచిత్రం ఏమిటంటే పినాకపాణి ఉద్యోగమే సిగ్గు మీద.

ఋషికొండ మీద ఉన్న పరిశోధనాలయంలో అతనిది పెద్ద పదవి. సిగ్గు పుట్టుకతో రాదు, పసితనంలో పెద్దవాళ్ళ ముఖాలు చూసి నేర్చుకుంటాం, నేర్చుకున్నది మెదడులో ఒక నమూనాగా పడిపోతుంది అన్నది అతను జీవితమంతా చేసిన పని. ఆ నమూనాని ఒకరి దగ్గర పట్టి, ఇంకొకరికి కొన్ని గంటలపాటు అద్దే యంత్రాన్ని అతని బృందం తయారుచేసింది. దానికి అద్దకం అని పేరు పెట్టారు. ముందు నాలిక కింద ఒక మందు పెడతారు. అది మన సొంత రంగుని కాసేపు పలచబరుస్తుంది. తరవాత వలలాంటి టోపీ తొడిగితే అవతలివాళ్ళ రంగు పడుతుంది. మందు కడుపులో తిప్పుతుంది కనుక ప్రభావం పోయేవరకూ ఎవరూ ఏమీ తినకూడదు. భార్యాభర్తల తగువులు తీర్చేవాళ్ళు, జడ్జీలు, పోలీసులు ఒక పూట అవతలివాళ్ళ సిగ్గుని తొడుక్కుని చూస్తే తీర్పులు మారతాయని వాళ్ళ ఆశ.

ఇంటివాళ్ళని పిలిచి ప్రదర్శన ఏర్పాటు చేసినరోజు సువర్చల కూడా వెళ్ళింది. గోడమీద ఒక పాత ఫొటో పెద్దది చేసి పెట్టారు. పినాకపాణి వంశంలో ఎప్పటిదో. మధ్యలో పెద్దావిడ, ఒంటిమీద రవిక లేదు, చీర చెంగు భుజం చుట్టూ తిప్పుకుని దర్జాగా కూర్చుంది. పక్కన తలుపు సందులోంచి ఒక చెయ్యి మాత్రం కనిపిస్తుంది.

"ఆ చెయ్యి ఆవిడ చెల్లెలిది" అని పినాకపాణి వచ్చినవాళ్ళకి చెబుతున్నాడు. "ఫొటో తీస్తున్నది ఆ చెల్లెలి అల్లుడు. అత్తగారు అల్లుడి ఎదట పడకూడదు. రవిక లేకపోవడం ఆ ఇంట్లో ఎవరికీ తప్పుగా తోచలేదు. అల్లుడి కళ్ళబడితే మాత్రం చచ్చిపోయి ఉండేది. ఇవాళ మనం ఆ గదిలోకి వెళ్తే ఎవరిని చూసి కళ్ళు దించుకుంటాం?"

వేదిక మీద ఇంత బాగా మాట్లాడే మనిషి ఇంట్లో ఫ్యానుతో మాట్లాడతాడని ఎవరికి తెలుసు అనుకుంది సువర్చల.

టోపీ తొడుక్కోవడానికి కూర్మారావనే కామర్సు లెక్చరర్ ముందుకొచ్చాడు. అతనికి ఒక పండు ముసలమ్మ సిగ్గుని అద్దారు. అరగంటయ్యాక, టోపీ తీసిన అమ్మాయి, "సార్, మీ ఆవిడ పేరేటండి?" అని అడిగింది.

కూర్మారావు నోరు తెరిచాడు, మూశాడు. మెడ ఎర్రబడింది. "అదేనండీ... ఆవిడ... మా పిల్లల తల్లి" అన్నాడు.

మూడో వరసలోంచి అతని భార్య పకపకా నవ్వింది. "పొద్దున్నుంచి రాత్రి దాకా నా పేరు పెట్టి అరుస్తారు. ఈ టోపీ ఏదో మాకు అమ్మెయ్యండమ్మా."

టోపీ తీసిన ఆ అమ్మాయి పేరు లెనూయా. సముద్రంలో మునిగిపోయిన లోవా దీవుల మనిషి. అక్కడి జనాన్ని భీమిలి అవతల కాలనీ కట్టి దింపినప్పుడు చంకలో పిల్ల. అక్కడే పెరిగి, చదివి, పినాకపాణి దగ్గర చేరింది. దీవిలో పుట్టి పెరిగిన ముసలివాళ్ళందరి చేతా ఆమే ఒప్పించి నమూనాలు తీయించింది. "దీవి పోయింది, ఇల్లు పోయింది. మా సిగ్గయినా ఒకచోట దాచుకోవాలి కదండి" అంటుంది. ఆ దీవుల్లో ఆడామగా నలుగురిలో ఒకరినొకరు ముట్టుకోవడం, ముద్దాడడం, కలిసి నీళ్ళు పోసుకోవడం, ఇవన్నీ తుమ్మడం, దగ్గడం లాంటివి. ఎవరూ తల తిప్పి చూడరు. ఆ సంగతి లెనూయా వేదిక మీద చెబుతూంటే సువర్చల తన చేతులవంక చూసుకుంది.

ఆ సాయంత్రం బాల్కనీలో ఉతికిన బట్టలు మడతపెడుతూ అడిగింది. "ఏమండీ, ఆ టోపీ మీరెప్పుడైనా పెట్టుకున్నారా?"

"మేం పెట్టుకోకూడదు. కొలిచేవాళ్ళం కదా."

"పెట్టుకుంటే బాగుండును."

"దేనికి?"

ఆమె అతని బనీను ఇంకో మడత వేసింది. మడత వేయడానికి అందులో ఇంకేమీ మిగల్లేదు. "నాకు చీరలూ సారెలూ ఏమీ వద్దు. పగటిపూట, పనేమీ లేకుండా, ఒక్కసారి నా భుజం మీద చెయ్యి వేస్తే చాలు. వేశారని మీకు గుర్తుండకపోయినా ఫరవాలేదు."

కింద రోడ్డుమీద బండ్లు పోతున్నాయి. అతను వాటివంకే చూస్తున్నాడు. కోపం వచ్చిందేమో అనుకుని ఆమె లేవబోయింది.

"నాకు తోచదనుకున్నావా సువర్చలా?" అన్నాడు. వెలుతురులో అతని నోట తన పేరు విని ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తులేదు. "చెయ్యి లేస్తుంది. మోచేతిదాకా లేస్తుంది. ఆపైన అది నాది కాదు. శ్రీకాకుళంలో మాకు ఒకటే గది, తెలుసుగా. అమ్మా నాన్నా ఎప్పుడైనా పక్కపక్కన కూర్చుంటే నాయనమ్మ వంటింట్లో చెంబు కింద పడేసేది. ఏమీ అనేది కాదు. చెంబు పడేసేది, అంతే. ఇద్దరూ చెరో దిక్కూ లేచిపోయేవారు. ఇప్పటికీ చెయ్యి లేపితే ఆ చప్పుడు వినిపిస్తుంది నాకు."

ఆదివారం పొద్దున్న అతను లోవా ముసలమ్మ ఒకావిడ నమూనా ఎక్కించిన టోపీని బజారు సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

గది తలుపు వేసుకుని లోపల కూర్చున్నాడు. సువర్చల వంటగదిలో నిలబడి బీరకాయ చెక్కు తీస్తోంది. దగ్గు వినబడుతుందని చెవి అటే పెట్టుకుంది. వినబడలేదు. వెనకనుంచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసి, "పచ్చడా, కూరా?" అని అడిగాడు.

బీరకాయ చేతిలోనే ఉండిపోయింది. పచ్చడి అనబోయి కూర అంది. చెయ్యి అక్కడే ఉంది. బరువుగా, వెచ్చగా, ఏ ధ్యాసా లేకుండా. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ ఎదురింటివాళ్ళు గోడకి రంగు మార్చారని చెబుతున్నాడు. ఆమె కదలకుండా నిలబడింది, పిట్ట వచ్చి వాలితే నిలబడినట్టు.

తరవాత సముద్రం ఒడ్డుకి వెళ్ళారు. నడుస్తూ నడుస్తూ అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె లాక్కోబోయింది.

"ఎవరైనా చూస్తారండీ."

"చూడనీ. మనకేం?"

అతనికేమీ లేదు, నిజమే. ఆమెకే ఉంది. బజ్జీలబండి దగ్గర మనుషులు కనబడేసరికి అరచెయ్యి చెమట పట్టింది, నడక తడబడింది. ఇన్నేళ్ళూ సిగ్గంతా ఆయనదే అనుకున్నాను, సగం నాదేనన్నమాట అనుకుంది. అయినా చెయ్యి మళ్ళీ లాక్కోలేదు. ఎండ ఎక్కేదాకా అలాగే నడిచారు. దారిలో అతను ఆమె చెవి వెనక చెదిరిన వెంట్రుకలు సవరించాడు, ఎవరో పాపాయికి సవరించినట్టు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటికొచ్చి ఆమె కంచం పెట్టింది. అతనికి కడుపులో తిప్పడం లేదు, ఆకలి దంచేస్తోంది. మందుకోసం పెట్టిన ఉపవాసమే కదా, తింటే ఏమవుతుందని కూర్చున్నాడు. సువర్చల వేడన్నం వడ్డించి, పప్పు వేసి, నెయ్యి వేసి, ఎదురుగా తనూ కూర్చుని ముద్ద కలుపుకుంది.

అతను కంచం వంక చూశాడు, ఆమె వేళ్ళ వంక చూశాడు. ముద్ద ఆమె పెదవుల దగ్గరికి వెళ్ళేసరికి చటుక్కున ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. చెవులు ఎర్రగా అయిపోయాయి.

"ఏమైందండీ? ఉప్పెక్కువైందా?"

"కప్పెయ్యి" అన్నాడు గోడతో.

"ఏమిటి?"

"కంచం. దానిమీద ఏదైనా కప్పెయ్యి. నీ నోరు తుడుచుకో. కిటికీ తెరిచి ఉంది, ఎవరైనా..." మాట పూర్తిచేయలేక లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. చీకటి పడ్డాక బయటికొచ్చి, దగ్గి, వంటగదిలోకి వచ్చి, చల్లారిన అన్నం మామూలుగా తిన్నాడు. ఏం జరిగిందో అతనికి పూర్తిగా అర్థం కాలేదు. అయినా పరిశోధనాలయంలో చెప్పాలని మాత్రం తెలుసు. చెబితే టోపీ ఇంటికి తెచ్చిన సంగతి బయటపడుతుంది. ఇంకో ఆదివారం ఉండదు.

చెప్పలేదు.

ఇంకో ఆదివారం వచ్చింది. తరవాత ఇంకోటి. ఒక మనిషికి ఏడాదికి రెండుసార్లు మించి అద్దకూడదని నియమం రాసింది పినాకపాణే. ఆ ఆదివారాల్లో ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. అతను తినడు, ఆమె అతని ఎదట తినదు. ఎప్పుడైనా వంటింట్లో నిలబడి రెండు అరటిపళ్ళు గబగబా మింగేది. బాల్కనీలో ఆమె ఒళ్ళో తల పెట్టుకుని అతను పేపరు చదివేవాడు. ఒకసారి ఆమె జడ విప్పి చిక్కు తీశాడు. ఎదురింటి పైడమ్మ మెట్లమీద ఆపి అడిగింది.

"సారు ఆదివారాలు పొయ్యెక్కించనివ్వట్లేదంట. సూర్నారాయణమూర్తికి ఉపాసం ఉంటన్నారేటి?"

"అవును పైడమ్మగారూ."

"మంచిదే. అయితే ఉపాసం ఆయనది, కళ నీ ముఖంలో ఒచ్చిందేటమ్మా?"

సువర్చల మెట్లు గబగబా ఎక్కేసింది. ఆపుదామండీ అని ఒక్కసారీ అనలేదు. అనాలని ప్రతి శనివారం అనుకునేది. ఆదివారం పొద్దున్న బజారు సంచి బల్లమీద కనబడగానే ఆ మాట పక్కనపెట్టి జడ వేసుకోవడానికి వెళ్ళేది. సోమవారంనాడు అతను మళ్ళీ వంటగది గుమ్మం అవతల దగ్గేవాడు. ఆమె ఆ ఆరు రోజులూ ఎలాగో ఈదేది.

వానలు మొదలైన ఒక మంగళవారం, టోపీ ముఖమే చూడని రోజు, ఆమె పొద్దున్న ఇడ్లీ పెట్టింది. పినాకపాణి ముఖం తిప్పుకున్నాడు. ఆమె అర్థంకాక నిలబడింది. అతనికి అర్థమైంది. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆమె దగ్గరికెళ్ళి వీపు మీద చెయ్యి వెయ్యబోతే ఉలిక్కిపడి పక్కకి జరిగాడు. "తలుపు తీసి ఉంది" అన్నాడు.

పాత సిగ్గు ఎక్కడిదక్కడ ఉంది. కొత్త సిగ్గు వచ్చి దాని పక్కన కూర్చుంది.

అతను క్యాంటీన్ మానేశాడు. రోడ్డుపక్క టిఫిన్ బండి కనబడితే కళ్ళు దించుకుని నడిచేవాడు. సువర్చల ఇంట్లో లేనప్పుడు ఎవరూ చూడకుండా ఏదో ఇంత తినేవాడని ఆమెకు డబ్బాలు చూస్తే తెలిసేది. చొక్కాలు వదులయ్యాయి. చివరికి తనే వెళ్ళి పైవాళ్ళకి అంతా చెప్పేశాడు. యంత్రానికి సీలు వేశారు. విచారణ తేలేవరకూ ఇంటిదగ్గర ఉండమన్నారు.

ఆ వారంలోనే లెనూయా ఇంటికొచ్చింది. పినాకపాణి గదిలోంచి రాలేదు. సువర్చల అలవాటుకొద్దీ పళ్ళెంలో జంతికలు పెట్టి ముందుంచింది. లెనూయా ఆ పళ్ళేన్ని మెల్లగా చేతిరుమాలుతో కప్పింది. అప్పుడు సువర్చలకు అర్థమైంది.

"నువ్వు కూడానా అమ్మా?"

"నాను మీ కాలేజీల్లో సదివేను కదమ్మా, అలవాటైపోనాది. నలుగురిలో తినేస్తాను. కానీ ఇలగ ఎదురుగా పెట్టి తినూ తినూ అంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు సచ్చిపోద్ది." ఆమె కిందికి చూస్తూ మాట్లాడుతోంది. "మాకు తిండంటే, మీకు రాత్రి దీపం ఆర్పేసినాక ఉంటాది సూడండి, అదీ."

"మరి మీ సారుకి ముందే చెప్పలేదేం?"

"ఎలాగ సెప్పనమ్మా? ఆయన నాకు తండ్రి లాటోరు. మీ ఇందుజ మీ ఆయన దగ్గిర కూకుని పక్క గురించి మాటాడుద్దా? సిగ్గు గురించి అడగడానికి కాయితం తయారుసేసేరు. బట్టలు అడిగేరు, ముట్టుకోడం అడిగేరు, నీళ్ళు పోసుకోడం అడిగేరు. బువ్వ గురించి ఎవులూ అడగలేదు. అడక్కుండా నోరు తెరిసి సెప్పీసే మాటేటి అది?"

"అయినా ఇంత గట్టిగా ఎందుకు పట్టుకుంది ఆయనకి?"

లెనూయాకు నవ్వూ బాధా కలిసి వచ్చాయి. "అది మీ మంచితనమేనమ్మా. మా ముసిలోళ్ళు పాపం నమూనా ఇవ్వడానికి ఒచ్చేరు. టోపీ పెట్టీసి, కూకోబెట్టి, ఒక్కొక్కళ్ళ ముందల పులిహోరా బూరెలూ పెట్టేరు. తినండి తినండి, మొహమాటపడకండి, ఇంకొక్కటి అని ఒకటే బతిమాలీడం. మా అవ్వ గోడకి తిరిగిపోయి, కొంగు నోట్లో కుక్కీసుకుంది. పెద్దావిడికి కొత్తనీసి మనోళ్ళు ఇంకో రెండు బూరెలు ఏసేరు. టోపీ అదంతా రాసీసుకుంది. ముట్టుకోడం దగ్గిర మా అద్దకంలో రంగే లేదు. లేని రంగు ఏటి పట్టుద్ది? తిండి దగ్గిర సిక్కటి రంగు. మళ్ళీ మళ్ళీ ముంచేరు. దిగిపోనాది."

"పోదా?"

"ఇంకో రంగు దానిమీద ఏస్తే ఇంకా పాడవుద్దంట. కాలమే పలచబెట్టాలి. పెట్టకపోవచ్చు కూడా."

బయట వాన జోరందుకుంది. లెనూయా మాట మారుస్తూ, "నా సిన్నప్పుడు మీవోళ్ళ పెళ్ళికి పిలిసేరమ్మా మమ్మల్ని" అంది. "షామియానా కింద వరసలు వరసలుగా ఎదురెదురుగా కూకోబెట్టి, పట్టపగలు, మైకులో పాటలెట్టి. అత్తలూ మాఁవలూ పిల్లలూ అందరూ కలిసే. మధ్యలో ఒకాయన బకెట్టట్టుకుని తిరుగుతూ ఇంకా కావాలా ఇంకా కావాలా అని అరుస్తన్నాడు. మా అవ్వ నా కళ్ళు మూసీసింది."

సువర్చల నవ్వింది. చాలా రోజుల తరవాత నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది. "మరి మీవాళ్ళలో మొగుడూ పెళ్ళాలు ఎలా తింటారు?"

లెనూయా ముఖం ఒక్కసారిగా మారిపోయింది. చేతిరుమాలు అంచు వేళ్ళకు చుట్టుకుంది. "గదిలో తెర కడతారు. ఎవులి తెర ఆళ్ళదే. పెళ్ళయినాక కొన్నాళ్ళకి... ఒకలు లోపల్నుంచి తెర ఎత్తుతారు. ఎప్పుడెత్తాలో ఎవులూ సెప్పరు. కొందరు ఏళ్ళపాటు ఎత్తరు." లేచి నిలబడింది. "నాను ఎల్తానమ్మా. ఇంత మాట ఎవుల్తోనూ అన్లేదు నాను."

సువర్చల మర్నాడు వెనకగదిలో రెండు మేకులు కొట్టించి తన నేత చీర ఒకటి తెరగా కట్టింది. ముదురాకుపచ్చ చీర. లోపల పీటా, నీళ్ళచెంబూ పెట్టింది. కంచం తెర కిందనుంచి లోపలికి జరిపి, ఇవతల తలుపు దగ్గర గోడకి ఆనుకుని కూర్చుంది. కాసేపటికి పినాకపాణి వచ్చి, ఆమె వంక చూడకుండా తెర లోపలికి వెళ్ళాడు.

అతను అన్నం తింటున్నాడు. అంతే ఆమెకు కావలసింది అనుకుంది. కాకపోతే రోజూ అక్కడే కూర్చునేది. లేచి పోవచ్చు, పనులున్నాయి. పోయేది కాదు. తెరకి అవతల అతని చేతి కదలిక నీడలా తెలిసేది. ఆ ఆదివారాలు గుర్తొచ్చేవి. ఆ చెయ్యి అతనిదే, వెచ్చదనమూ అతనిదే, అయినా అరువు తెచ్చుకున్న తేలిక అది. ఆ ముసలమ్మ ఎవరో, ఏ ఒడ్డున ఎవరి చెయ్యి పట్టుకుని నడిచిందో, ఆవిడ తేలికలో తను కాసేపు నడిచొచ్చింది. తనకోసం ఈ మనిషి మోచేతి పైన ఉన్న బరువుని ఒక్క అంగుళమైనా తనంతట తాను ఎత్తితే ఎలా ఉండేదో ఆమెకు తెలియకుండానే ఉండిపోతుంది. ఇక అడగకూడదు. అడిగినందుకే ఇంత అయింది.

ఆమె తన భోజనం మాత్రం అందరూ తినేలాగే తినేది, వంటగదిలో, అతను గదిలోకి వెళ్ళిపోయాక. ఒకరోజు ఇందుజ ఫోన్ చేసి, నాన్న ఎలా ఉన్నారని అడిగింది. "తింటున్నారు" అంది సువర్చల. ఆ మాట అన్నందుకు తనకే ఎందుకో చెవులు వేడెక్కాయి.

వానాకాలం వెనకపట్టింది. ఒక మధ్యాహ్నం ఆమె కంచం లోపలికి జరిపి, ఎప్పటిలా గోడకి ఆనుకుంది. తెరమీద చేతి కదలిక కనబడలేదు. ముద్ద కలపడం లేదు. వంట నచ్చలేదేమో, ఒంట్లో బాగాలేదేమో అనుకుంది. పిలవబోయింది.

తెర అంచు కొద్దిగా లేచింది.

లోపలినుంచి అతని వేళ్ళు చీర అంచుని పట్టుకుని ఉన్నాయి. తెర మోకాలెత్తు లేచి ఆగింది. దించెయ్యలేదు, పూర్తిగా ఎత్తనూ లేదు. ఆ సందులోంచి అతని ముఖం కనబడలేదు. వేళ్ళు మాత్రం కనబడ్డాయి.

సువర్చల లేచింది. వంటగదిలోకి వెళ్ళి తన కంచంలో అన్నం పెట్టుకుంది, పప్పు వేసుకుంది. చేతులు కడుక్కుంటూంటే గాజులు చప్పుడయ్యాయి. చప్పుడు కాకుండా వాటిని మోచేతివైపు తోసుకుంది. తిరిగొచ్చేసరికి తెర అలాగే లేచి ఉంది. అంతసేపూ ఆ చెయ్యి దాన్ని పట్టుకునే ఉంది. తల వంచుకుని లోపలికి వెళ్ళింది. వెనక తెర పడింది.

ఇద్దరు కూర్చోవడానికి ఆ చోటు సరిపోదు. మోకాలు మోకాలికి తగిలింది. అతను జరగలేదు. ఆకుపచ్చ చీరలోంచి వచ్చే వెలుతురు అతని ముఖం మీద, పలచబడ్డ జుట్టు మీద పడుతోంది. కళ్ళు ఎత్తి ఆమెను చూస్తున్నాడు. పాతికేళ్ళలో ఏ రాత్రీ, ఏ ఆదివారమూ అతనలా చూడలేదు. ఏదో విలువైనది విప్పబోతున్నవాళ్ళని చూసినట్టు చూస్తున్నాడు.

సువర్చలకు అన్నం తినడం కొత్త కాదు. పెళ్ళిళ్ళలో, సమారాధనల్లో, రైల్లో, పదిమందిలో తిన్నది. ఏ టోపీ ఆమె తలమీద ఎప్పుడూ ఎక్కలేదు. ముద్ద కలిపి నోటిదాకా తీసుకెళ్ళింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. మెడ వెనకనుంచి వేడి పైకి పాకింది. పెదవులు తెరవాలంటే తెరుచుకోలేదు. పైట చెంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అటు చూడండి" అంది.

"చూడటం లేదు" అన్నాడు పినాకపాణి, ఆమెనే చూస్తూ.